చోడంబలికి ముందు ఒక గంట

వంటింట్లో చోడంబలి ఉడుకుతోంది. రాత్రంతా పులిసిన చోడిపిండి వాసన బరంపురంలో పుట్టిన ఏ ముక్కుకైనా తెలుసు. మా ఒడియా పొరుగువారు దాన్ని మండియా జావు అంటారు, మిగతా తెలుగువారు రాగి అంబలి అంటారు. నేను థైరాయిడ్ మాత్రను మంచినీళ్ళతో వేసుకుని గోడ గడియారానికి ఎదురుగా కూర్చున్నాను. గంట నిండేదాకా అంబలి గ్లాసు ముట్టుకోను. నాకు మధుమేహం కూడా ఉంది. ఈ రెంటినీ కలిపి నడుపుకోవడం నేను వైద్యుడి కంటే ముందు సుభద్రమ్మ గారి దగ్గర నేర్చుకున్నాను. పెద్దబజారులో పప్పుధాన్యాల టోకు కొట్టుకు ఆవిడ యజమానురాలు, నేను గుమస్తాను. తేదీ, అంకె లేని మాటను నమ్మని నా స్వభావం ఆవిడ చేతిలో తయారైనదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి కందిపప్పు తూకంలో తేడా వచ్చింది. నేను తక్కెడా మార్చాను, తూకపు రాళ్ళూ మార్చాను. ఈసారి లెక్క సరిపోయింది. సంబరంగా వెళ్ళి చెప్పాను. ఆవిడ గద్దె మీద నుంచి కదలకుండా, “తప్పు తక్కెడదా, రాయిదా?” అని అడిగారు. రెండూ మార్చానన్నాను. “రెండూ మార్సేసి సరిపోయిందంటే ఏటి తెలిసినట్టు నాయనా? ఆ దొంగరాయి రేపు మళ్ళీ నా కొట్లోనే తిరుగుతాది. ఒకటి మార్సు, తూసి సూడు. ఆ తర్వాతే రెండోది.”

చాలా ఏళ్ళ తర్వాత అదే పద్ధతి ఆవిడ గద్దెను నిలబెట్టింది. మధుమేహం ఆవిడకు పాతదే, అదుపులోనే ఉండేది. కాని వీధి చివరి హమాలీని ఒక్క కేకతో రప్పించే గొంతు ఒక ఏడాది బొంగురుపోయింది. ఎండాకాలంలో శాలువా కప్పుకునేవారు. బేరం మధ్యలో కునుకు పట్టేది. కొడుకు గోపాలం గారు అది వయసు మహిమ అన్నారు. రక్తపరీక్ష మాత్రం థైరాయిడ్ గ్రంథి మందగించిందని చెప్పింది. మాత్రలు మొదలయ్యాయి, కాని గ్రంథి మందగిస్తే పెరిగే టి.ఎస్.హెచ్. అంకె మరుసటి పరీక్షలోనూ దిగలేదు.

మా కొట్లో దసరాకు తక్కెళ్ళకు, రాళ్ళకు బొట్టు పెట్టి పూజ చేసేవాళ్ళం. ఆనాడు గద్దె మీద కూర్చున్నవారిదే ఆ ఏడాది పెత్తనం. “అమ్మా, ఈ దసరాకి గద్దె నాకొగ్గీ. ఇంటికాడ సుకంగా కూకో,” అన్నారు గోపాలం గారు.

“నిద్దరొస్తంది గానీ మతి పోలేదురా నాకు,” అన్నారావిడ. అన్నారే గాని, గద్దె అంచును గట్టిగా పట్టుకోవడం నేను చూశాను.

ఇక సలహాలు మొదలయ్యాయి. కొడుకు డాక్టరును మార్చమన్నారు. దిగపహండిలో ఉన్న మరిది ఏదో ఆకుపొడి పంపారు. ఆవిడ పొడిని పక్కన పెట్టి, నన్ను వెంటబెట్టుకుని పాత డాక్టరు దగ్గరికే వెళ్ళారు. ఆయన మోతాదు పెంచబోయి, కలం ఆపి, మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడిగారు.

“ఎలాగేటి బాబూ, మజ్జిగ పోసిన చోడంబలితో! సుగరున్నోళ్ళు కాళీ కడుపుతో ఉండకూడదని మీరే కదా సెప్పారు? అందుకే అన్ని మాత్తర్లూ ఒక్క గుక్కలో.”

డాక్టరు నవ్వారు. “అంబలి మంచిదేనమ్మా, థైరాయిడ్ మాత్రతో కలిపితేనే చిక్కు. తిండితో వేస్తే అది ఒంటికి సరిగా పట్టదు. చోళ్ళలో, మజ్జిగలో ఉన్న కాల్షియం మరీ అడ్డం. థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్ళతో వేసుకుని గంట ఆగండి. సుగరు మాత్ర అంబలితోనే. ఈ లోపల కళ్ళు తిరిగినట్టుంటే మాత్రం ఆగకుండా తినేయండి. ఈసారికి మోతాదు మార్చను.”

“అయితే దొంగరాయి నా అంబలన్నమాట!” అన్నారావిడ, బొంగురు గొంతుతోనే పెద్దగా నవ్వుతూ.

గోపాలం గారికి నమ్మకం కుదరలేదు. “గంట ముందు మింగితే ఏటి మారతాది?”

“ఏటి మారతాదో అంకె సెప్తాది. అందాకా నువ్వు కూకో.”

డాక్టరు చెప్పిన వారాలు గడిచాక మళ్ళీ పరీక్ష చేయించాం. దసరా ముంగిట రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ అంకె హద్దులోకి దిగింది. చక్కెర మాత్రం కాస్త పెరిగింది. “సూసేవా, ఒకటి దిగితే ఇంకోటెక్కింది,” అన్నారు గోపాలం గారు. ఆవిడ బెదరలేదు. మందగించిన ఒళ్ళు చురుకైతే చక్కెర మందును సరిచూడవలసి రావచ్చని డాక్టరు ముందే చెప్పి ఉన్నారు. “ఒక రాయి సరయింది కదరా. ఇప్పుడు రెండోదాని పని సూద్దాం,” అని చెప్పులు వేసుకున్నారు. ఆ మందునూ డాక్టరు సరిచేశారు.

పూజనాడు ఆవిడ గద్దె మీద నుంచి వేసిన కేకకు వీధి చివర హమాలీలు తలెత్తారు. “గోపాలం, ముందు తక్కెడకి బొట్టెట్టు. గద్దెక్కడికీ పోదు, తొందర్లేదు.” కొడుకు నవ్వి, కుంకుమ గిన్నె అందుకున్నారు. ఆ తర్వాత ఎన్నో దసరాలు ఆవిడవే.

నా కిందటి రిపోర్టులో థైరాయిడ్ అంకె కొంచెం పైకి వెళ్ళింది. వయసన్నాక ఇవన్నీ మామూలే అన్నాడు ఫోనులో మా తమ్ముడు. వయసు నా పుట్టినతేదీ చెబుతుంది, నా రక్తం సంగతి చెప్పదు అన్నాను. డాక్టరును అడిగి ఒక్కటే మార్చాను: ఉదయం వేసుకునే కాల్షియం బిళ్ళను రాత్రికి జరిపాను. వచ్చే పరీక్ష తేదీ క్యాలెండరులో గుర్తుపెట్టి ఉంది.

గంట నిండింది. సుగరు మాత్ర చేతిలోకి తీసుకుని, అంబలి గ్లాసు తెమ్మని కేకేశాను. గొంతు బాగానే పలికింది.