చీటీ అక్క సంతకం

ఆ ల్యాబులో ఆమెను అందరూ చీటీ అక్క అనేవారు. పాతబడిన యంత్రాన్ని అమ్మినా, పారేసినా, ఆమె సంతకం చేసిన పచ్చ చీటీ అతికిస్తేనే అది గుమ్మం దాటాలి. గాజు గొట్టాలు కడిగే పనిలో చేరి, ఇరవై రెండేళ్లలో ఈ బాధ్యత దాకా ఎదిగింది. "ఈ శ్రద్ధేదో ఇంట్లో గిన్నెల మీద చూపించకూడదూ" అని అత్తగారు దెప్పితే, "మన గిన్నెల్లో ఏం వండామో నాకు తెలుసత్తయ్యా, అక్కడ ఏం పోశారో తెలీదు" అని నవ్వేసేది.

ఒక సోమవారం పొద్దున్నే ఒక మెకానిక్కు వ్యాను వేసుకొచ్చాడు. పాత యంత్రాలు కొని, బాగుచేసి, చిన్న ల్యాబులకు అమ్ముకుంటాడు. ఆ రోజు అతను కొన్నది సెంట్రిఫ్యూజు, అంటే నమూనాల గొట్టాలను గిర్రున తిప్పే యంత్రం. మేనేజరు గడియారం చూసుకుంటూ వచ్చాడు.

"పైపైన తుడిచేసి సంతకం పెట్టెయ్యమ్మా. ఆయన ఎంతసేపని నిలబడతాడు?"

"ఇందులో ఏం తిప్పారు సార్?"

"రక్తాలే అయ్యుంటాయి."

"అయ్యుంటాయంటే నేను పెట్టలేను సార్."

పాత రిజిస్టరు తీసి చూస్తే చివరి రెండేళ్లూ తిప్పింది క్షయ అనుమానంతో వచ్చిన కఫం నమూనాలు. మేనేజరు ముఖం మాడిపోయింది. "ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించండి. నాకు మధ్యాహ్నం దాకా పడుతుంది" అని ఆమె తలుపు వేసుకుంది.

ప్లగ్గు పీకింది. గౌను, రెండు జతల గ్లౌజులు, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు వేసుకుంది. లోపలి భాగాలు విప్పి, గాలిని లోపలికి లాగి వడగట్టే అద్దాల పెట్టెలో పెట్టింది. గొట్టాలు నిలబెట్టే ఒక గిన్నె అడుగున ఉన్న రబ్బరు దిండు ఎత్తేసరికి ఎండిన మరక, పక్కనే గోరంత గాజు పెంకు. పెంకును పటకారుతో తీసి వాడేసిన సూదులు పడేసే డబ్బాలో వేసింది. క్షయ క్రిమిని చంపేది, లోహాన్ని తినేయనిది చూసి మందు ఎంచుకుంది. సీసా మీద రాసినంతసేపూ తడి ఆరనివ్వలేదు. ఆ తర్వాతే కడిగి, ఆరబెట్టి, చీటీ రాసింది.

తలుపు అద్దంలోంచి అంతా చూసిన మెకానిక్కు, ఆమె బయటికి రాగానే ఎదురెళ్లాడు.

"ఆ రబ్బరు ముక్కలు మా ఆవిడే ఊడబీకుతుందక్కా. ఉత్త చేతుల్తోనే. షెడ్డులో ఇంకా మూడున్నాయి, ఎక్కడెక్కడివో."

"ముట్టుకోవద్దని ఇప్పుడే ఫోన్ చెయ్యి. రేపు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ మూడూ ఇక్కడికి తెచ్చెయ్యి."

"అవి మనవి కావుగా" అని మేనేజరు నసిగాడు.

"మనలాంటివాళ్లు అమ్మినవే సార్."



మెకానిక్కుకీ, భార్యకీ పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. శుక్రవారం ఆ మూడు యంత్రాలతో పాటు అతని భార్య కూడా వ్యాను దిగింది. చీటీ అక్క ఆమెను తన పక్కనే నిలబెట్టి గౌను, గ్లౌజులు, మాస్కు తొడిగింది. మొదటి యంత్రం సగం అయ్యేసరికి ఆ ఇల్లాలు మెల్లగా అంది.

"అక్కా, ఈ మరలు మూడూ విప్పితే కింద ఒక సందుంటుంది. కారిందంతా అక్కడికే దిగుతుంది. నేను ఎన్నిసార్లు గీకానో."

విప్పి చూస్తే నిజమే. నల్లగా పేరుకుపోయి ఉంది. ఇరవై రెండేళ్లలో చీటీ అక్క కంట పడని సందు అది.  ఆమె తలుపు కాస్త తెరిచి బయటున్న మెకానిక్కును కేకేసింది.

"సోమవారం తీసుకెళ్లినదాన్ని విప్పావా?"

"ఇంకా లేదక్కా."

"విప్పకు. నేను పెట్టిన సంతకం చెల్లదు, వెనక్కి పట్రా."

మళ్లీ లోపలికొచ్చి, ఆ ఇల్లాలికి మందు సీసా అందించి పెన్ను తీసింది.

"ఇలాంటి సందులు ఇంకా ఎక్కడెక్కడున్నాయో చెప్పు చెల్లీ, రాసుకుంటాను."