కాక ముందుగా కూర్చున్న కుర్చీ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా బాపు అర్ధాకలితోనే ఉన్నాడు. ఇంట్లో బియ్యానికి లోటు లేదు. గనిలో ఏళ్ల తరబడి వంగి పనిచేసి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. మరుగుదొడ్లో కింద కూర్చుంటే లేవలేడు, అమ్మ లోపలికి వెళ్లి చెయ్యి పట్టి లేపాలి. ఆ సిగ్గు భరించలేక ఆయన తిండే తగ్గించుకున్నాడు. దాహమైనా గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకునేవాడు.

తెలంగాణ ఇంకా రాని రోజులు. గోదావరిఖనిలో మా ఇంటికి మరమ్మతులు చేయిస్తూ, బాపు కోసం మంచిర్యాల నుంచి కుర్చీ మీద కూర్చున్నట్టు కూర్చునే కొత్త సీటు తెప్పించాం. మేస్త్రీ చూసి పెదవి విరిచాడు. పాత సీటు కింది పైపు పక్కింటి గోడ కిందుగా పోతోంది, తవ్వితే ఆ గోడ నిలవదని చేతులెత్తేశాడు. గోడలకు కొత్త పలకలు వచ్చాయి, కింద పాత సీటు అలాగే ఉండిపోయింది. కొత్తది వసారాలో పడి ఉంది. సిమెంటు దుమ్ము ఊడ్చీ ఊడ్చీ అమ్మకు ఓపిక పోయింది. బాపు కాస్త ఓర్చుకుని తనే లేవొచ్చు కదా అని నేను మనసులో విసుక్కున్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పక్కింటి కాక గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. మొదటి షిఫ్టు దిగి, మూతలు పడుతున్న కళ్లతోనే వచ్చి చూశాడు.

"దీన్ని పీకుడెందుకే వదినా? దీని మీదనే ఒకటి నిలబెడదాం" అన్నాడు.

రెండు రోజులు, డ్యూటీ నుంచి రాగానే మా ఇంటికే వచ్చాడు. పాత సీటుకు అటూ ఇటూ కాళ్లు ఆనేలా, నడుమ ఖాళీ వదిలి ఒక చెక్క కుర్చీ చేశాడు. పట్టుకుని లేవడానికి రెండు పక్కలా కర్రలు బిగించాడు.

బాపు మరుగుదొడ్డి గుమ్మం దాటలేదు. "నేను కూసుంటే ఇరుగుతది తమ్మీ" అన్నాడు.

కాక లోపలికి వెళ్లి, బట్టలతోనే దాని మీద ధబీమని కూర్చున్నాడు. అటూ ఇటూ ఊగాడు. లేచి మళ్లీ కూర్చున్నాడు, మూడోసారి కూడా. ఎన్నో రోజులకు అమ్మ నవ్వింది. అన్నిసార్లు ఎందుకని నేనడిగాను.

"దుంగ పెట్టినోడే ముందుగాల దాని కింద నిలబడాలె బిడ్డా. నేను నిలబడకుంట వేరేటోళ్లను ఎట్ల రమ్మంట?"

మర్నాడు మధ్యాహ్నం బాపు కంచం ముందుకు జరిపి, "ఇంకింత పెట్టు" అన్నాడు. అమ్మ అన్నం పెట్టి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

అప్పటినుంచి ఎవరికి ఏం చేసిపెట్టినా ముందు నా మీదే పరీక్ష. మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఇప్పుడు కాక మోకాళ్లూ పోయాయి. పోయిన నెల వాళ్లింట్లో కుర్చీ సీటు బిగించారు. చూద్దామని వెళ్తే, ఆయన అచ్చం మా బాపులాగే గుమ్మం దగ్గర ఆగిపోయి ఉన్నాడు. నేను చీర కుచ్చిళ్లు దగ్గరికి పట్టుకుని వెళ్లి కూర్చున్నాను. లేచి మళ్లీ కూర్చున్నాను.

మూడోసారికి కాక గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "ఇగ లే బిడ్డా, నేను కూసుంట" అన్నాడు.