లాభం, రెండు, మూడు

ఆ ఆదివారం మధ్యాహ్నం డబ్లిన్ శివారు లూకన్‌లో మా అక్క వంటింట్లో ఉన్నవి: అక్క, నేను, స్పీకర్‌లో పెట్టిన ఫోను, కాల్ రికార్డు చేస్తున్న నా లాప్‌టాప్, సగం తరిగిన బెండకాయలు. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మళ్లీ చేసి చూపించలేని తప్పును తప్పుగా కూడా ఒప్పుకోను.

శాటిలైట్ ఫోనులో అవతల బావ. డబ్లిన్‌లో డాక్టరు. సెలవు పెట్టి, అంటార్కిటికాలో పేరు కూడా లేని ఒక శిఖరం ఎక్కే ఐరిష్ బృందానికి వైద్యుడిగా వెళ్లాడు. బావతో కలిపి నలుగురు. మిగతా ముగ్గురికీ తెలుగు రాదు, ఒక్క మాట తప్ప.

ఆ మాట ‘లాభం’. బావ వాళ్లది తెనాలి దగ్గర వడ్ల వ్యాపారం. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. బావ మందుబిళ్లలు లెక్కపెట్టినా అంతే. తెలుగులో ఒకటిని లాభం అంటారని ఆ ముగ్గురూ నమ్మేశారు.

శిఖరం దిగుతుంటే పొగమంచు కమ్మేసింది. నలుగురూ ఒకే తాడుకు కట్టుకుని నడుస్తున్నారు. అందరికంటే వెనక బావ.

“ముందున్నోడు కనపట్టం లేదే,” అన్నాడు.

“మరి ఆగొచ్చుగా? ఎవరు తరుముతున్నారండీ మిమ్మల్ని?” అంది అక్క.

“ఆగితే గడ్డకట్టుకుపోతాం. గుడారం దగ్గరేలే. ఫోను జేబులో పెట్టుకుంటా, వింటా ఉండు.”

ఒకరికొకరు కనపడనప్పుడు వాళ్లకో పద్ధతి ఉంది. చివరివాడు మొదలుపెడితే, ముందుకు ఒక్కొక్కరూ తమ అంకె అరవాలి. బావ “లాభం” అని అరిచాడు. “టూ.” “త్రీ.” తర్వాత అందరికంటే ముందున్న నాయకుడు: “ఫోర్, ఆల్ గ్రాండ్,” అంటే అంతా బాగే అని.

ఆ తర్వాత ఇంకో గొంతు. “ఐదు.”

ముసలి గొంతు. తొందర లేదు. వడ్లు కొలిచేవాళ్లలా సాగదీసి అంది.

“అమ్మయ్య, ఐదుగురూ ఉన్నారు,” అంది అక్క. తర్వాత నా మొహం చూసింది.

చాలాసేపు ఫోనులో గాలి తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత బావ మాట్లాడాడు. ఆ గొంతు నాయకుడికి తన ముందు నుంచి వినిపించిందట. ముందు ఎవరూ ఉండకూడదు కాబట్టి ఆగి, కర్రతో మంచును పొడిచాడు. మంచు కూలింది. కింద పగులు. అడుగు కనపడలేదు. చుట్టూ తిరిగి గుడారం చేరారు.

నాయకుడు గుడారంలో బావను అడిగిన మొదటి ప్రశ్న, ‘ఐదు’ అంటే ఏమిటని.

ప్రతిధ్వని అయితే ‘ఫోర్’ అని వినపడాలి. ఇంకెవరి ఫోన్ కాల్ అయినా మధ్యలో కలిసిందనుకుంటే, అక్కడ నాయకుడికి ఎలా వినిపించింది? లాభాన్ని సున్నా కింద వేసుకుని కూడా చూశాను. కుదరలేదు.

ఇంటికొచ్చాక బావ రికార్డింగు ఒక్కసారే విన్నాడు. “ఎవరి గొంతండీ అది?” అని అడిగింది అక్క.

“కూర మాడుతోంది చూడు,” అన్నాడు.

పొయ్యి మీద కూర లేదు.

తాడు మీద మనుషులు నలుగురు. లెక్క చెప్పిన గొంతులు ఐదు.