గంగులమ్మ బాగుచేసిన వల

గంగులమ్మ ఎవర్నీ నమ్మదు. చీరాల పక్కన సముద్రపు ఒడ్డున, వలల మధ్య పెరిగింది. ఇప్పుడు అరబ్బు దేశంలో, అల్ తుమామాలో బిల్కిస్ మేడమ్ ఇంట్లో వంటమనిషి. కూతురు అక్షర నర్సింగు చదువు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది.

ప్రతి శుక్రవారం మేడమ్ ఇసుక దిబ్బల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకి వెళ్తుంది. అక్కడ చేపలు పట్టడం నేరం. అయినా ఈ శుక్రవారం కారులో మూత బిగించిన పెట్టె వచ్చింది, దాన్నుంచి నీచు వాసన!

"దొంగతనంగా పడతంది తమ్ముడూ. దొరికిపోతే మన నెత్తినే రుద్దుద్ది. నన్ను ఇంటికి పంపిచ్చేస్తారు," అంది డ్రైవర్ రసూల్‌తో.

కడపవాడు రసూల్ విసుక్కున్నాడు. "మనకేల అక్కా ఆ పంచాయితీ? నీ డ్యూటీ నువ్వు సేసుకో."

వింటేగా! మర్నాడు మేడమ్ బయటికి వెళ్ళగానే, బియ్యం బస్తాలుండే స్టోర్ గదిలో ఆ పెట్టె తెరిచింది. చేపలు లేవు. నాచు పట్టిన నైలాన్ వల, మధ్యలో పెద్ద కంత. అలాంటి చిరిగిన వలతో ఎవరూ చేపలు పట్టరు, అనుమానించినందుకు గంగులమ్మకి సిగ్గేసింది. మంచి వల పాడైపోతోందని బాధ కూడా వేసింది. నాచు కడిగి, దారం తెచ్చుకుని, సాయంత్రానికి కంత మూసేసింది. మేడమ్ మెచ్చుకుంటుందని హాల్లో మడతపెట్టి మరీ ఉంచింది.

మేడమ్ మొహం మాడిపోయింది. "ఎవరు చెయ్యమన్నారు? ఆ దొంగలు నీకు తెలుసా?" అని వచ్చీరాని హిందీలో అడిగింది.

మేడమ్ చెప్పిందంతా విని రసూల్ తలపట్టుకున్నాడు. "ఏం పని సేసినావక్కా! దొంగోళ్ళేసిన వల అది. సముద్రపు ఆవని నీళ్ళలో బతికే పెద్ద జంతువుంటాది, దాని దూడ ఇరుక్కుంటే మేడమే వల కోసి తీసింది. ఆ కంతే సాక్ష్యం. రేపు సముద్రం కాపలా ఆఫీసులో ఇయ్యాల."

గంగులమ్మ వల ముందేసుకుని కూచుంది. కొత్త దారం రంగు వేరు కాబట్టి తన ముడులన్నీ వెతికి విప్పింది. కంత మళ్ళీ తెరుచుకుంది, దూడ పట్టేంత.

"బతికిందా?"

"ఈదుకుంటా పోయిందంట."

ఆ మాటకి ఏడ్చేసింది.

మేడమ్ ఫొటోలు తీసుకుంది. పనిలోంచి తీసెయ్యలేదు, ఇంకేమీ అడగలేదు. వల పెట్టెలో సర్ది, స్టోర్ గదికి తాళం వేసింది. ఆ ఇంట్లో గదికి తాళం పడటం అదే మొదటిసారి.

వల ఆఫీసుకి వెళ్ళిపోయింది, తాళం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు బియ్యం కావాలంటే గంగులమ్మ మేడమ్‌ని పిలవాలి. మేడమ్ వచ్చి, తలుపు తీసి, ఆమె బియ్యం కొలుచుకున్నంతసేపూ గుమ్మంలోనే నిలబడుతోంది.