మామ విమానం, అత్త పగ

మా మేనత్త పోయిన ఆదివారం పటాన్‌చెరులో కన్నుమూసింది. చివరి చూపుకు వచ్చినవాళ్లంతా ఆమె ఓపికను పొగిడారు. నేను మాత్రం ఆమె పగకు దండం పెట్టుకున్నాను.

మామ వాల్వుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తొంభైల్లో ఆయనా అత్తా కలిసి రిమోట్‌తో ఎగిరే చిన్న విమానం తయారుచేశారు. పైకి లేవగానే దాని చక్రాలు అసలు విమానానికి లాగే రెక్కల్లోకి ముడుచుకునేవి. లోపల అరచేతిలో పట్టేంత గాలి సీసా. సైకిల్ పంపుతో దాన్ని నింపేది అత్తే. మీట నొక్కితే ఆ గాలి పిస్టన్‌ను తోసి చక్రాల కాళ్లను ముడిచేది, మళ్లీ నొక్కితే దించేది. కాలు పూర్తిగా దిగాక ఒక పిన్ను గాడిలో పడి బిగుసుకునేది. నేలను తాకినప్పటి దెబ్బ కాసేది ఆ పిన్నే. ముడిచినా దించినా కొంత గాలి ఖర్చు.

"గాలంత ఒడగొట్టకు, దిగేటందుకు ఉంచు" అనేది అత్త మామతో.

మామ గుండెపోటుతో పోయాడు. దినాలనాడే ఆయన దోస్తు వచ్చి విమానాన్ని, రిమోట్‌ను పట్టుకుపోయాడు.

"ఆడోళ్లు గిదేం జేస్తరు వదినా? నా తాన పైలంగుంటది."

ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. పైగా అది తన చేతిపనే అని చెప్పుకున్నాడు.

ఆ చలికాలం రుద్రారం అవతలి మైదానంలో దాన్ని ఎగరేస్తున్నాడని తెలిసి, అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. జనం మధ్య నిలబడి చప్పట్లు కొట్టింది.

"మళ్ల ముడువు అన్నా! మా కోడలు సూడలే."

అతను పొంగిపోయి ముడిచాడు, దించాడు, మళ్లీ ముడిచాడు. నాకు సంగతి అర్థమైంది.

"అత్తా, గాలి అయిపోతది. అది మామది."

"ఎర్కే. ఆని చేతుల ఉండేకన్న ఇరుగుడే నయం."

చివరికి ఎంత నొక్కినా కాళ్లు దిగలేదు. విమానం పొట్టతో నేలను గీరుకుంటూ పోయింది, రెక్క విరిగింది. అత్త అందరికంటే ముందు నడిచి ముక్కలు ఏరి కొంగులో వేసుకుంది.

"రిమోట్ గూడ ఇటు తే."

అంతమంది ముందు కాదనలేక ఇచ్చాడు.

మొన్న అత్త చివరి చూపుకు అతనూ పూలదండతో వచ్చాడు. గేటు దగ్గరే ఆపి పంపించేశాను. అత్త అయినా అదే చేసేది.

విమానం విరిగిన మరుసటి ఏడు ఆమె దాన్ని మళ్లీ నిలబెట్టి, అదే మైదానానికి అతన్ని పనిగట్టుకుని పిలిపించింది. రిమోట్ అత్త చేతిలో. విమానం లేచింది. చక్రాలు ముడుచుకుంటుంటే అందరూ పైకి చూశారు. అత్త మాత్రం ఆ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది, రెప్ప వేయకుండా.