గాజులో లేని కొవ్వు

దారి మధ్యలో బస్సు టైరు పేలింది. అందరం దిగాం, ఒక్కావిడ తప్ప. ఒళ్ళో చెక్కపెట్టె, దానిమీద రెండు చేతులు.

"జాకీ ఎత్తాలమ్మా. ఆ పెట్టె ఇలా ఇవ్వండి, నేను దించుతా," అన్నాడు కండక్టరు.

"టిక్కెట్టే సరిగ్గా చింపలేవు నువ్వు. ఇందులో గాజుంది నాయనా."

పెట్టెతో సహా దిగి, నేను కూర్చున్న సిమెంటు దిమ్మ మీదే చోటు చేసుకుంది. పెట్టెను అంత గట్టిగా పట్టుకునేవాళ్ళు, దొంగలైతే తప్ప, అడక్కుండానే కథ చెబుతారు. ఒకసారి రైల్లో ఒకాయన పెట్టెనిండా తేనెటీగలతో ఎక్కాడు గాని, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఆవిడ బయోకెమిస్టు. ముప్ఫై నాలుగేళ్ళుగా కొవ్వు మీదే పని. ఆడబిడ్డ పెట్టిన పేరు కొవ్వు వదిన.

"కొవ్వులో అంత చూసేదేముందమ్మా?"

"మీ ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వే గోడ పెద్దాయనా. బయట హార్మోన్ వచ్చి తట్టగానే ఆ గోడలోంచి చిన్న ముక్క తెగి, లోపలికెళ్ళి కబురు మోస్తుంది. ఇంటిగోడే చాడీలు చెబుతుందన్నమాట."

తొమ్మిదేళ్ళ క్రితం అలాంటి ముక్క ఒకటి, అంతవరకూ ఎవరూ చూడనిది, ఆవిడకు దొరికింది. హార్మోన్ వేసిన కణాల్లో, ఆ ముక్కను కొలిచే యంత్రం గీత కొబ్బరిచెట్టంత లేచేది. వేయని వాటిలో నేలబారుగా ఉండేది. పత్రాలు అచ్చయ్యాయి, పెద్ద గది ఇచ్చారు. ఇవాళ వెళ్తున్న ఊళ్ళో దానికే పతకం.

"మరి ముఖం అలా ఉందేం?"

పదేళ్ళ క్రితందాకా ల్యాబులో గాజు ట్యూబులే ఉండేవట. వాటిని ఆసిడ్ తొట్టిలో కడిగే ముసలాయన పని మానేశాక మరొకరు ఆ తొట్టిలో చెయ్యి పెట్టలేదు. ఆఫీసువాళ్ళు ప్లాస్టిక్ కొన్నారు. మిగిలిన ఒక్క వరస గాజు ట్యూబుల్నీ ఈవిడ హార్మోన్ వేయని కణాలకే కేటాయించింది. పోల్చిచూసేది శుద్ధంగా ఉండాలని. హార్మోన్ వేసినవన్నీ ప్లాస్టిక్‌లోకి.

పోయిన నెల అందులో ఒకటి పగిలింది. ఆ కణాల్ని ప్లాస్టిక్‌లో వేసింది. హార్మోన్ లేకుండానే కొబ్బరిచెట్టు మొలిచింది. అసలు కణాలే వేయకుండా చూసింది. అప్పుడూ మొలిచింది. కొవ్వు లాగడానికి పోసే క్లోరోఫామ్, ప్లాస్టిక్‌లోంచి ఏదో లాగుతోంది.

"తొమ్మిదేళ్ళు ట్యూబును పరిశోధించాను. చాలా క్షుణ్ణంగా."

నవ్వేశాను. ఆవిడ నాకంటే ఎక్కువ నవ్వింది. ఇంతలో భర్త ఫోను. ఆ గొంతు కండక్టరుక్కూడా వినబడింది.

"పతకం పుచ్చుకుని నోరు మూసుకుని రా. రెండు నెలల్లో రిటైరవుతున్నావు, అడిగేదెవడు?"

"బీపీ మాత్ర వేసుకున్నారా?" అని పెట్టేసింది.

"ఆయనన్నదీ నిజమే కదమ్మా. ఎవరికీ తెలీదుగా," అన్నాను.

"వేరే ల్యాబుల్లో ఐదుగురు పిల్లలు దీనిమీదే పీహెచ్‌డీ చేస్తున్నారు. ఒకమ్మాయి పెళ్ళి కూడా వాయిదా వేసుకుంది. ప్లాస్టిక్ డబ్బా కోసం."

"చెబితే మీ పేరు పోదూ?"

ఆవిడ పెట్టె గడియ తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. టైరు బిగించేదాకా అదే పని.

ఊళ్ళో సభ జరిగే హాలు బస్టాపుకు ఎదురుగానే ఉంది. గుమ్మం మీద బ్యానరు, దానిమీద ఆవిడ ఫొటో, పక్కన ఆ కొవ్వుముక్క బొమ్మ బండిచక్రమంత. పూలగుత్తి పట్టుకుని ఒకాయన పరుగున వస్తున్నాడు.

ఆవిడ బస్సు మెట్టు మీదే పెట్టె తెరిచి రెండు ఖాళీ ట్యూబులు తీసింది. కుడిచేతిలో గాజుది, ఎడంచేతిలో ప్లాస్టిక్‌ది. పెట్టెను కండక్టరు చేతుల్లో పెట్టింది.

"పట్టుకురా. పడేశావంటే చూడు."

ఈ వయసులో నా దగ్గర ధైర్యవచనాలకు కొదవలేదు. ఒకటి ఏరి నోటిదాకా తెచ్చేసరికి ఆవిడ రోడ్డు దాటేసింది. పూలాయన, గుత్తి పెట్టడానికి ఆవిడ చెయ్యి ఖాళీగా దొరక్క, పక్కనే పరిగెత్తుతున్నాడు. వెనక మా కండక్టరు, పెట్టెను పసిబిడ్డలా ఎత్తుకుని. బస్సు హారను కొడుతోంది. ఆవిడ నావైపు గాని, బ్యానరువైపు గాని చూడలేదు.