వసకొమ్ము, అక్క, నా మొదటి మాట

ఇవాళ పచారీ కొట్లో వసకొమ్ము వాసన తగిలింది. మన ఈడువాళ్లకు ఆ చేదు గుర్తుండే ఉంటుంది. పందొమ్మిదివందల నలభైల్లో, మా నగరి ఊళ్లో, ఒకటో తరగతికి వచ్చినా నాకు మాటలు రాలేదని మా అవ్వ రోజూ సానమీద వస అరగదీసి నాలుకకు రాసేది. బళ్లో నా బదులు అక్కే మాట్లాడేది. "అయ్యోరా, దానికి దప్పికంట" అని.

ఒకరోజు అక్క బడికి రాలేదు.

"మీ అక్క యాడమ్మా?" అన్నారు అయ్యవారు.

"జొరమొచ్చి పండుకోనుండాది" అనేశాను!

"వస పనిజేసింది సూడు!" అంటూ అవ్వ వీధంతా బెల్లం పంచింది. అక్క మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చింది.

వస పనిచేసిందో, అక్క లేకపోవడం పనిచేసిందో నాకిప్పటికీ తెలియదు. నాకు మాటలొస్తే తనకెందుకు ఏడుపొచ్చిందో అంతకన్నా తెలియదు. తరువాత ఎన్ని మాటలొచ్చినా, అక్క పోయేదాకా ఆ ఒక్కటీ అడగలేకపోయాను.